పార్కు మూలన మిగిలిన అడవిని కాపాడుకోవడం ఎలా?

మన ఒడిశా సరిహద్దు పట్టణాలలో పార్కు కట్టేటప్పుడు ముందు భాగాన్ని చదును చేసి పచ్చిక పరుస్తారు, ఉయ్యాలలు, బెంచీలు పెడతారు. డబ్బు అక్కడికి అయిపోతుంది. వెనక భాగం ఎలా ఉన్నది అలాగే మిగిలిపోతుంది. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో రాయగడలోనో మీరు ఉదయపు నడకకు వెళ్ళే పార్కులో అలాంటి మూల ఒకటి ఉండే ఉంటుంది. నాలుగు పాత నేరేడు చెట్లు, ఒక మర్రి, వాటి అడుగున పొదలు, రెండు పుట్టలు, చీలమండ దాకా ఎండుటాకు. తూర్పు కనుమల అడవి ఒకప్పుడు ఇక్కడి దాకా దిగి వచ్చేదనడానికి మిగిలిన ఆనవాలు అది. చూసేవారికి మాత్రం పాడుపడిన చోటులా కనబడుతుంది. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి అధికారికీ, కొత్తగా గెలిచిన ప్రతి కౌన్సిలరుకూ దాన్ని బాగుచేయాలని అనిపిస్తుంది.

నేను గజపతి జిల్లాలో ఉంటాను. అలాంటి ఒక మూలను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. అందులో కొంత కాపాడుకోగలిగాం, కొంత పోగొట్టుకున్నాం. పార్కులోని అడవికి గొడ్డలి కంటే చీపురు వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుందని ఆ అనుభవంలో తెలిసింది. శుభ్రత పేరుతో ఆకు తీసేస్తారు, ఎండు మాను తీసేస్తారు, పొద కొట్టేస్తారు, దీపాలు పెట్టి చీకటిని కూడా తీసేస్తారు. చివరకు చెట్లు నిలబడే ఉంటాయి, వాటిలో కాపురమున్నవి వెళ్ళిపోతాయి. కాబట్టి కింద చెప్పే పనులలో సగానికి పైగా, జరుగుతున్న పనిని ఆపించేవే. మొక్కలు నాటడం చాలా తరవాత వస్తుంది.

ముందు ఒక నెల చూడండి

ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు తీసుకుని నెల రోజులు ఆ మూలకు వెళ్ళండి. వారానికి రెండు తెల్లవారుజాములు, రెండు సాయంత్రాలు చాలు. పార్కు పటం మీరే గీయండి, అందంగా ఉండనక్కరలేదు. ప్రతి పెద్ద చెట్టుకూ ఒక అంకె ఇవ్వండి. తొర్ర ఉన్న చెట్టు, ఎండిన మాను, పుట్ట, నీరు నిలిచే గుంట, దట్టమైన పొద, వీటిని వేరువేరు గుర్తులతో పటంలోకి ఎక్కించండి. రేపు ఎవరైనా రంపం పట్టుకుని వచ్చి "ఇక్కడ ఏముందండీ, అంతా తుప్పలే కదా" అన్నప్పుడు మీ చేతిలో చూపించడానికి ఉండేది ఆ పటమే.

జంతువు కనబడకపోయినా దాని జాడ కనబడుతుంది. బండ మీదనో గోడ మీదనో పండ్ల గింజలతో నిండిన మలం ఉంటే రాత్రి మానుపిల్లి (చెట్లెక్కే పునుగుపిల్లి) తిరిగింది. కొమ్మ కింద ఎలుక ఎముకలు, బొచ్చు కలిసిన చిన్న ఉండలు పడి ఉంటే పైన గుడ్లగూబ ఉంది. మింగినదానిలో అరగనిదాన్ని అది అలా కక్కేస్తుంది. ఎండు కొమ్మకు నిమ్మకాయ పట్టేంత గుండ్రని కన్నం, కింద తాజా పొట్టు కనబడితే కంసాలి పిట్ట గూడు తొలుస్తోంది. ఇవన్నీ తేదీ వేసి రాసుకోండి. ఫోనులో బొమ్మ తీస్తే మరీ మంచిది.

చెట్ల పేర్లు తెలియకపోతే అడగండి. సంతకు అడ్డాకులు, చింతపండు తెచ్చే సవర పెద్దలకు తెలియని చెట్టు ఈ చుట్టుపక్కల ఉండదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర వారి భాషే నేర్చుకున్నారు. అదే గాలి పీల్చే మనం ఒక చెట్టు పేరు అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పటంలో ప్రతి చెట్టుకూ తెలుగు పేరు పక్కనే ఒడియా పేరు కూడా రాయండి. ఇప్ప అంటే మహుల, తునికి అంటే కెందు, నేరేడు అంటే జాము, మర్రి అంటే బర. ఈ పని ఎందుకు చేయమంటున్నానో అర్జీ రాసేటప్పుడు తెలుస్తుంది.

రాలిన ఆకును నేల మీదే ఉండనివ్వండి

అన్నిటికంటే ముందు, అన్నిటికంటే తేలికగా చేయగల మార్పు ఇదే. మాఘం వచ్చేసరికి మన చెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి, చైత్రం దాకా రాలుస్తూనే ఉంటాయి. ఆ ఆకునంతా ఊడ్చి, కుప్ప పోసి, నిప్పు పెట్టడం పార్కుల్లో అలవాటు. ఒకసారి ఎవరూ ఊడ్చని చోట కూర్చుని దోసెడు ఆకును పక్కకు తీసి చూడండి. పై పొర పొడిగా ఉంటుంది, కింది పొర తడిగా, నల్లగా, మట్టి వాసన వేస్తూ ఉంటుంది. అందులో రోకలిబండ పురుగులు, సాలీళ్ళు, చెదలు, వానపాములు, నలికిరులు ఉంటాయి. వాటి కోసం పిట్టలు దిగుతాయి. తొలకరికి వలస వచ్చే నవరంగ్ పిట్ట గంతులు వేస్తూ ఎండుటాకును ముక్కుతో తిరగేసి తిండి వెతుక్కుంటుంది. ఊడ్చిన నేల మీద దానికి పని లేదు. వర్షాకాలపు రాత్రి మనల్ని మురిపించే మిణుగురులు కూడా పిల్లదశలో ఈ తడి ఆకులోనే ఉండి, నత్తలను తిని పెరుగుతాయి. ఆకు తగలబెట్టిన చోట మరుసటి వానకు మిణుగురులు రాలేదని ఆశ్చర్యపడడంలో అర్థం లేదు.

దీన్ని ఎలా ఆపించాలి? ఊడ్చే మనిషి మీద కేకలు వేయకండి. ఆయనకు పైనుంచి "ఆకు కనబడకూడదు" అని చెప్పారు, కనబడితే కూలి కోస్తారు. ముందు ఆ చెప్పినవారితో మాట్లాడండి. నడిచే దారి, దానికి రెండు వైపులా రెండేసి మూరలు శుభ్రంగా ఉంచాలని, అక్కడ నుంచి లోపలికి చీపురు వెళ్ళకూడదని ఒక గీత ఒప్పించుకోండి. ఆ గీత వెంబడి సున్నం వేసిన రాళ్ళు వరసగా పెట్టండి. మాటతో పెట్టిన హద్దు పనివారు మారగానే చెరిగిపోతుంది, రాయి ఉంటుంది. దారి మీద ఊడ్చిన ఆకును బండి ఎక్కించకుండా చెట్ల కిందకే విసరమనండి. ఊడ్చేవారికి సగం పని తగ్గుతుంది కాబట్టి వారం తిరగకుండా వారే మీ పక్షానికి వస్తారు. మా దగ్గర అలాగే జరిగింది.

నిప్పు విషయంలో మాత్రం రాజీ పడకండి. బహిరంగ స్థలంలో చెత్త తగలబెట్టడాన్ని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. ఆకు కుప్పలు కూడా అందులోకే వస్తాయని మర్యాదగా గుర్తుచేయండి. ఆకు వదిలేశాక ఎవరో పారేసిన బీడీ ముక్కతో అంటుకునే భయం నిజంగానే ఉంటుంది. అందుకని హోళీ రాకముందే ఆ మూల చుట్టూ రెండు బారల వెడల్పున ఆకు తీసేసి ఖాళీ పట్టీ ఉంచండి. లోపల అంటుకున్నా బయటికి రాదు, బయట అంటుకున్నా లోపలికి పోదు.

"ఆకు ఉంటే దోమలు వస్తాయి" అని తప్పకుండా అంటారు. దోమ గుడ్డు పెట్టేది నిలిచిన నీటిలో. పారేసిన కొబ్బరి చిప్పలు, టీ కప్పులు, పాత టైర్లు వెతికి ఏరేయండి. ఆ పనిని మాట అన్నవారి కళ్ళముందే చేస్తే ఇంకెప్పుడూ అనరు.

ఎండిన మానును నిలబడనివ్వండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా పోయింది. తెల్లారేసరికి మా మూలలో చాలా చెట్లు పడి ఉన్నాయి. కొన్ని మొండేలై నిలబడ్డాయి. తొలగింపు పని తీసుకున్నవారు పదిహేను రోజులలో పడినవాటితో పాటు నిలబడినవాటిని కూడా కోసి, ట్రాక్టర్లకు ఎత్తించుకుపోయారు. అందులో ఒక ఎండు మద్ది మాను ఉంది. దాని తొర్రలో పైడికంటెల (చిన్న గుడ్లగూబల) జంట ఏళ్ళుగా ఉండేది. సాయంత్రం దీపాలు వెలిగే వేళకు తొర్ర అంచున కూర్చుని, పచ్చని గుండ్రని కళ్ళతో మనల్ని చూసి తల ఆడించేవి. ఆ తరవాతి వేసవి అంతా మా పార్కులో ఒక్క పైడికంటె కూడా కూయలేదు. మేము ఎవరమూ అడ్డుపడలేదు. అది ఎండిన చెట్టు కదా అనుకున్నాం. ఇప్పటికీ ఆ మాను నిలబడిన చోటు దాటుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

కన్నం తొలిచేవి కొన్నే: వడ్రంగిపిట్ట, కంసాలి పిట్ట. పైడికంటె, రామచిలుక, గోరువంక సొంతంగా అంత తొర్ర చేసుకోలేవు. వడ్రంగిపిట్ట వదిలేసిన కన్నంలోనో, కొమ్మ విరిగి కుళ్ళిన చోటనో చేరతాయి. మానుపిల్లి పగలు నిద్రపోయేది తొర్రలోనే. చిన్న గబ్బిలాలు బెరడు సందుల్లో దూరతాయి. ఒక ఎండు మాను పోతే అయిదారు రకాల జీవులు ఒకేసారి ఇల్లు వదలాలి. కొత్త చెట్టుకు అలాంటి తొర్ర పడడానికి మన జీవితం చాలదు.

అయితే ఎండిన మాను మనుషుల మీద పడకూడదు. ఈ భయం న్యాయమైనదే, దీన్ని కొట్టిపారేస్తే మీ మాట ఎవరూ వినరు. కాబట్టి కొలవండి. చేయి చాచి పట్టుకుంటే కంటి నుంచి పిడికిలికి ఎంత దూరమో, పిడికిలి పైన అంత పొడవు ఉండేలా ఒక పుల్లను నిలువుగా పట్టుకోండి. పిడికిలి చెట్టు మొదలుకు, పుల్ల కొన చెట్టు కొసకు సరిగా ఆనే దాకా వెనక్కి నడవండి. మీరు ఆగిన చోటు నుంచి చెట్టు మొదలు దాకా ఎన్ని గజాలో చెట్టు ఎత్తు అంత. ఆ దూరం లోపల దారి, బెంచీ, పిల్లలు ఆడుకునే చోటు, కరెంటు తీగ లేకపోతే ఆ మానును ముట్టుకోవలసిన అవసరం లేదు. బెంచీ ఉంటే బెంచీని జరపమని అడగండి, నలుగురు మనుషులు గంటలో జరపగలరు. దారి ఉంటే పై భాగం కోయించి, రెండు నిలువుల ఎత్తు మొండెం ఉంచమనండి. తొర్ర ఆ మొండెంలో ఉంటే ఇంకేమి కావాలి.

పడిన దుంగలను నీడలో, నేలకు ఆనేలా వదిలేయండి. ప్రభుత్వ స్థలంలోని కలపను వేలం వేయడం రివాజు. అందుకని "పడిన చెట్లలో ఈ అంకెలవి ఇక్కడే ఉంచాలి" అని రాతపూర్వకంగా ముందే అడిగి ఉంచాలి. పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడానికి వచ్చే ఆడవాళ్ళను తరమకండి. వాళ్ళు తీసుకునేది చిన్న పుల్లలు. మణికట్టు కంటే లావుగా ఉన్నది వదిలేయమని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. అడవి నుంచి వచ్చినవారికి ఈ మాట మనకంటే త్వరగా అర్థమవుతుంది.

కొమ్మలు కొట్టే సమయం గురించి ఒక మాట. మన దగ్గర తొర్రల్లో ఉండే పిట్టలు ఎక్కువగా జనవరి, ఏప్రిల్ నెలల మధ్య పొదుగుతాయి. కాకి (తన గుడ్లతో పాటు కోకిల గుడ్లను కూడా) ఎండాకాలం నుంచి వానల దాకా, కొంగలు వానాకాలంలో. కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టే పని సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటారు. గూళ్ళు నిండుగా ఉండేది అప్పుడే. గూళ్ళు ఖాళీ అయి, అక్టోబరు తుపానులు ఇంకా రాని సెప్టెంబరు చివరి వారాలకు ఆ పనిని మార్చమని అడగండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను కదిలించడం కూడా ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం అర్జీలో ఉంటే తేదీ మారే అవకాశం బాగా పెరుగుతుంది.

ఏ పొద తీయాలి, ఏది ఉంచాలి

పొదలన్నీ ఒకటి కావు. వాక, పరికి, రేగు, కరివేపాకు లాంటివి మనవి, పిట్టలకు పండూ నీడా ఇచ్చేవి. వీటిని ఉంచాలి. లాంటానా మనది కాదు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగులు కలిసి పూసే ఆ ముళ్ళకంప అమెరికా ఖండం నుంచి తోటల కోసం తెచ్చినది. కింద మరో మొక్కను మొలవనివ్వదు. వయ్యారిభామ సంగతి మీకు తెలిసిందే.

లాంటానాను పైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. వానలకు నేల మెత్తబడ్డాక, కాయ పట్టకముందు, గడ్డపారతో మొదలు దగ్గర మట్టి కదిపి, నేలకు రెండంగుళాల కింద తల్లివేరును కోయాలి. చిగురు వేసే భాగం పైకి వచ్చేస్తుంది. ఆ కంపను తలకిందులుగా పెట్టి ఎండబెట్టాలి, లేకపోతే పడిన చోటే వేరు దిగుతుంది. వయ్యారిభామను పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో పీకేయండి. దాని పుప్పొడి కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది, ఆకు తగిలితే చర్మం దద్దురు వేస్తుంది.

ఇక్కడ ఉత్సాహవంతులు చేసే తప్పు ఒకటి ఉంది. సెలవు రోజున యాభై మందిని పోగేసి ఒక్క పూటలో లాంటానా అంతా లేపేస్తారు. ఎంత పరాయి మొక్క అయినా ఈనాడు ముంగిసకూ చిన్న పిట్టలకూ దాక్కునే చోటు అదే. మూలను మూడు భాగాలు చేసుకుని ఏడాదికి ఒక భాగమే తీయండి. తీసిన చోట అదే వానాకాలంలో మన పొదల మొక్కలు పెట్టండి. ఖాళీగా వదిలితే మళ్ళీ లాంటానాయే వస్తుంది.

నాటాలనుకుంటే

ఒక్క చెట్టు నాటగలిగితే మర్రి జాతి చెట్టు నాటండి. మర్రి, రావి, మేడి, జువ్వి, ఏదైనా సరే. ఒక్కో జాతికి పుప్పొడి మోసే కందిరీగ వేరు, కాయ పండే వేళ వేరు. అందుకే మిగతా అడవిలో పండు లేని నెలలో కూడా వీటిలో ఏదో ఒకటి పండుతుంది. కంసాలి పిట్ట, గోరువంక, పెద్ద గబ్బిలం, మానుపిల్లి, అన్నీ అక్కడికే చేరతాయి. గోడలకు, కాలువలకు బాగా దూరంగా నాటండి, వేళ్ళు ఊరుకోవు. ఆ తరవాత నేరేడు, తునికి, ఇప్ప, మోదుగ, బూరుగ. కనుమల పై వాలుల్లో ఉండే గుగ్గిలం చెట్టు, ఒడియాలో శాళ, పట్టణపు నేలలో ఒక పట్టాన కుదురుకోదు. బలవంతం చేయకండి.

సీతాకోకచిలుకలకు పూలు మాత్రమే చాలవు, గొంగళిపురుగు తినే ఆకు కావాలి. కరివేపాకు, నిమ్మ, జిల్లేడు, ఈశ్వరి తీగ నాలుగూ ఉంటే నాలుగు రకాల గొంగళ్ళకు ఇల్లు దొరికినట్లే. ఆకు కొరికేసి ఉందని మందు కొట్టకండి. కొరకడానికే నాటాం.

కొండల మీద నుంచి మొక్కలు పీక్కురావద్దు. విత్తనాలు ఏరుకోండి, లేదా అటవీ శాఖ నర్సరీలో అడగండి. గొయ్యి ఒకటిన్నర అడుగుల లోతు, అంతే వెడల్పు. తొలకరి పడిన వారంలో నాటితే నీళ్ళు మోసే పని తప్పుతుంది. ఎండ పడే ఖాళీ గడ్డి నేల ఉంటే దాన్ని మొక్కలతో నింపకండి, దానికీ ఉండే ప్రాణులు ఉన్నాయి.

నీరు

వేసవిలో మట్టి మూకుళ్ళు నాలుగు, రెండంగుళాల లోతుకు మించకుండా, మధ్యలో ఒక రాయి. రెండు రోజులకోసారి తోమి నీరు మార్చాలి. మార్చలేకపోతే పెట్టకండి, దోమలకు తొట్టి అవుతుంది. కోనేరు ఉంటే నాలుగు వైపులా సిమెంటు గోడ కట్టనివ్వకండి. ఒక వైపైనా మట్టి వాలు ఉండాలి, కప్పకూ ముంగిసకూ దిగే దారి అదే. ఇంట్లో పెంచి విసుగు పుట్టిన తాబేళ్ళను, తిలాపియా, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ లాంటి చేపలను పుణ్యమని అందులో వదలకండి. ఉన్నవాటిని తినేస్తాయి.

చీకటిని అడగండి

పార్కుకు దీపాలు పెట్టించడం తేలిక, తీయించడం కష్టం. నడిచే దారికి దీపం ఉండాలి, అందులో తగువు లేదు. చెట్ల లోపలికి మాత్రం వెలుగు పోకూడదు. తెల్లని గట్టి వెలుగు పురుగులను లాగి చంపుతుంది. మిణుగురు ఆడా మగా ఒకదాని వెలుగు ఒకటి చూసుకోలేవు. మూడు కోరండి: దీపానికి పైనా పక్కలా మూత, వెచ్చని పసుపు వెలుగు, పార్కు మూసే వేళకు ఆర్పడం. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని గానీ అంతకంటే తక్కువ అంకె గానీ ఉంటే అది పసుపు వెలుగే. పండుగలకు చెట్ల మొదళ్ళకు చుట్టే రంగుదీపాల తీగలు, వాటి కోసం కొట్టే మేకులు వద్దని గట్టిగా చెప్పండి.

వనభోజనాలు, నాగుల చవితి

మనం తెలుగువాళ్ళం కార్తికంలో ఉసిరి చెట్టు వెతుక్కుంటూ వెళతాం. ఒడియా ఇరుగుపొరుగులు చలికాలంలో బణభోజి అంటారు. మాట ఒకటే, వనంలో భోజనం. ఇది మానమని చెప్పే పార్కు సంఘం నిలవదు, మానవలసిన పని కూడా లేదు. చోటు మార్చండి చాలు. అడవి మూలకు ఎదురుగా, ఎండ తగిలే ఖాళీలో ఒక ఉసిరి నాటి, దాని చుట్టూ పొయ్యిల జాగా ఏర్పాటు చేయండి. నాలుగైదేళ్ళకు వనభోజనాలు వాటంతటవే అక్కడికి మారతాయి. భోజనం అడ్డాకు విస్తళ్ళలో పెట్టండి. ఒడియాలో సియాళి అనే ఆ ఆకు మన కొండల్లోదే, కుట్టినవారికి నాలుగు డబ్బులు వస్తాయి. తిన్నాక విస్తళ్ళను చెట్ల కిందకు విసరకండి, మిగిలిన అన్నం కోసం కుక్కలు లోపలికి దూరతాయి. మైకు ఉంటే దాని మూతి అడవి వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు నిషేధమని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి.

నాగుల చవితి నాడు ఆ రెండు పుట్టల దగ్గర జనం కిటకిటలాడతారు. మా అమ్మ పోసిన పుట్టలోనే నేనూ పాలు పోశాను, కాబట్టి ఈ మాట భక్తితోనే చెబుతున్నాను. పుట్టను కట్టింది చెదలు. పాము అందులో తలదాచుకుంటుంది. పాలు దానికి ఆహారం కాదు. చెంబులకు చెంబులు కన్నంలో పోస్తే లోపల కుళ్ళి చీమలు పడతాయి, పాము ఇల్లు వదిలి జనం మధ్యకే వస్తుంది. పుట్ట ముందు పళ్ళెంలో పాలు, చిమ్మిలి నివేదించి, పసుపు కుంకుమ పుట్ట పక్కన చల్లి, పుట్టమన్ను చెవులకు పెట్టుకుని రండి. పెద్దవారిలో ఒకరిద్దరు ముందు ఇలా చేస్తే మిగతావారు అనుసరిస్తారు. బోర్డు పెట్టి చెబితే మాత్రం వినరు.

కుక్కలు, ఎలుకల మందు, పాములు

అడవి మూలలో వీధికుక్కలకు అన్నం పెట్టకండి. నేల మీద తిరిగే ఉడుముకూ ముంగిసకూ పిట్ట పిల్లలకూ పట్టణంలో వాటిని మించిన ప్రమాదం లేదు. కుక్కల మీద నాకు దయ లేక కాదు. తిండి పెట్టే చోటును వేరుగా నిర్ణయించాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. అలాంటి చోటును పార్కు గేటు బయట అడగండి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స కూడా అడగండి.

ఎలుకల మందు పార్కులో పెట్టనివ్వకండి. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంది, గుడ్లగూబకు తేలికగా దొరుకుతుంది. విషం అలా గుడ్లగూబ కడుపులోకి పోతుంది. ఎలుకలను తగ్గించే పని గుడ్లగూబలకూ జెర్రిపోతులకూ వదిలితే అవి జీతం అడగవు.

పాము భయం ఉన్నచోట పాముతో కలిసి ఉండే పద్ధతి చెప్పాలి. దారి పక్కన గడ్డి పొట్టిగా ఉంచండి, చీకటి పడ్డాక టార్చి, బూట్లు. కనబడితే ఆగి దారి ఇవ్వండి. లోపలికి వచ్చి ఇబ్బంది పెడుతుంటే అటవీ శాఖకు కబురు చేయండి, కర్ర తీయకండి. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కరిచిన కాలూ చేయీ కదలనివ్వకుండా విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి నేరుగా తీసుకువెళ్ళండి.

కాగితం పని

ఇప్పుడు అర్జీ. మన మాట తెలుగు అయినా ఈ రాష్ట్రంలో దస్త్రం కదిలేది ఒడియాలో. తెలుగులో రాసిన అర్జీని మర్యాదగా తీసుకుంటారు, చదివేవారు దొరకక ఫైలులో ఉండిపోతుంది. ఒడియా బాగా వచ్చిన పొరుగువారినో, ఒడియా బడిలో చదివే మీ మనవరాలినో కూర్చోబెట్టి రాయించండి. పటంలో రాసుకున్న ఒడియా పేర్లు ఇక్కడే పనికివస్తాయి. సంతకాలు రెండు భాషల వాళ్ళవీ ఉండాలి. ఇది తెలుగువాళ్ళ గొడవ అని ఎవరికీ అనిపించకూడదు, అది నిజం కూడా కాదు.

ఒకే పేజీ, మూడే కోరికలు: ఊడ్చే హద్దు, నిలబెట్టవలసిన మాన్ల అంకెలు, కొమ్మలు కొట్టే నెల. దీపాలు, కుక్కలు తరవాతి అర్జీకి ఉంచండి. ఒకటి మునిసిపాలిటీ కార్యనిర్వాహక అధికారికి, ఒకటి డివిజనల్ అటవీ అధికారికి, ఒకటి మీ వార్డు కౌన్సిలరుకు. ప్రతిదానికీ ముద్ర వేయించుకుని నకలు ఉంచుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ ఏమైందో అడగవచ్చు, 30 రోజులలో చెప్పాలి.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో కనుక్కుని, మీ నోటు పుస్తకంలో ఉన్నదంతా ఆ రిజిస్టరులోకి ఎక్కించండి. మన మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. పట్టణపు మూలకు అంత హోదా రాదు. అయినా రిజిస్టరులో పేరున్న చెట్టును కొట్టే ముందు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజుల పాటు పెరటి పిట్టలను లెక్కపెడుతుంది. ఆ రోజుల్లో రెండు బడుల పిల్లలను తీసుకువెళ్ళి మీ మూలలో లెక్కపెట్టించండి. పిట్టల లెక్కలు రాసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదైన ఆ లెక్క వచ్చే ఏటి అర్జీకి జత చేయడానికి పనికివస్తుంది. ఆ పిల్లలతోనే ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లో ఒక బోర్డు రాయించి ఎండు మాను పక్కన పాతండి. మా బోర్డు మీద "ఈ చెట్టు ఎండిపోయింది కానీ ఖాళీగా లేదు" అని ఉంటుంది, పక్కన పిల్లలు వేసిన పైడికంటె బొమ్మ. బోర్డును చెట్టుకు మేకు కొట్టి తగిలించవద్దు.

తుపాను మర్నాడు

అక్టోబరు వచ్చేసరికి ఒక సంచి సిద్ధంగా పెట్టుకోండి. అందులో పటం నకలు, ముద్ర వేయించుకున్న అర్జీ, సున్నపు డబ్బా, కుంచె, టార్చి, చేతి తొడుగులు. గాలి ఆగిన మర్నాడు రంపాలు ముందు రోడ్లకు అడ్డం పడిన చెట్ల దగ్గరికి వెళతాయి, పార్కుకు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మీకు దొరికే సమయం అదే. తెగిన కరెంటు తీగలు లేవని నిర్ధారించుకున్నాకే లోపలికి వెళ్ళండి, ఒంటరిగా వెళ్ళకండి. వేలాడే కొమ్మల కింద నిలబడకండి. పుల్లతో ఎత్తు కొలవండి, దారి మీద పడే వీలు లేని ప్రతి మొండేనికీ ఛాతీ ఎత్తున సున్నంతో వెడల్పాటి పట్టీ వేయండి. పడినవాటిలో ఉంచవలసిన దుంగలకు గుండ్రని గుర్తు వేయండి. గూటి నుంచి పడిన పిల్లలు కనబడితే గాయం లేనివాటిని దగ్గరి కొమ్మ మీద పెట్టండి, తల్లి వెతుక్కుంటూ వస్తుంది. గాయపడినవాటిని అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, నీళ్ళూ అన్నమూ పెట్టకుండా అటవీ శాఖవారికి అప్పగించండి. తరవాత రంపాలు వచ్చేదాకా ఎవరో ఒకరు వంతుల వారీగా ఆ మూలలో కూర్చోవాలి. వచ్చినవారికి ముందు టీ ఇవ్వండి, తరవాత పటం చూపించండి, పట్టీ వేసిన మాన్లను ఒక్కొక్కటిగా వారితో కలిసి తిరిగి చూపించండి.